‘వదులు’ అని వినబడే షెడ్డు

చీకటి పడ్డాక ఆ మలుపు దగ్గరున్న రేకుల షెడ్డు ముందు నుంచి నడవడానికి మా వైపు ఎవరికీ మనసొప్పదు.

నీళ్ళ ట్యాంకు దగ్గర నుంచి బజారుకి ఒక వాలు రోడ్డు దిగుతుంది. సగం దిగాక చటుక్కున ఎడమకి తిరుగుతుంది. ఆ తిరిగే చోటే షెడ్డు. షట్టరు ఎప్పుడూ మూసే ఉంటుంది. పైన బోర్డు మీద అక్షరాలు సగం రాలిపోయాయి. ముందు నేలంతా పాత ఇంజనాయిలు తాగి నల్లబడిపోయింది. పగలు చూస్తే జాలేస్తుంది. రాత్రి అయితే...

రాత్రి లోపలి నుంచి ఒక గొంతు ‘పట్టు’ అంటుందట.

అంతే. ఎవరిని పట్టమంటుందో చెప్పదు. కాసేపటికి ఇంకో గొంతు, సన్నగా, ‘పట్టాను’ అంటుంది. మళ్ళీ మొదటి గొంతు — ‘వదులు’. పోనీలే, వదిలేసింది అని ఊపిరి పీల్చుకునే లోపే మళ్ళీ ‘పట్టు’.

రొట్టెల బండివాడు అది విని సైకిలు అక్కడే పడేసి పరుగెత్తాడు. ఇస్త్రీ ఆయన తన కాలరు ఎవరో పట్టుకున్నారని చెప్పి, ఆ కాలరుని వారం పాటు అందరికీ చూపించాడు. దెయ్యాలూ లేవు, భూతాలూ లేవు అని ఎప్పుడూ వాదించే రిటైర్డు లెక్కల మాస్టారు నోరు విప్పి ఏమీ అనలేదు గానీ, సాయంత్రం నడకకి చుట్టుదారి ఎంచుకున్నారు. ఎక్కువ నడిస్తే ఆరోగ్యానికి మంచిదట.

ఆ షెడ్డు ఒక మెకానిక్‌ది. పాతకాలపు రేకు బాడీ స్కూటర్లు తప్ప ఇంకేవీ ముట్టుకునేవాడు కాదు. రోజంతా పనిచేసినా పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి కాబట్టి అందరూ సైలెన్సరు అనేవారు. ఆయన పోయింది కూడా ఆ మలుపులోనే, తన సొంత స్కూటరు మీద. బ్రేకు పడలేదన్నారు. చూసినవాళ్ళు ఎవరూ లేరు, అన్నవాళ్ళు మాత్రం చాలామంది. ఆయన భార్య షెడ్డుకి తాళం వేసి ఊరవతల చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి మొదలైంది ఈ పట్టు, వదులు. పోయినవాడు తోడు కోసం ఎవరినో ఒకరిని పట్టుకుపోవాలని చూస్తున్నాడని మా వీధి తీర్మానించింది. దానికి చిలవలు పలవలు ఎన్ని అల్లారో చెప్పక్కర్లేదు.

నాకు అసలు సంగతి చెప్పింది మా బావ. కిటికీలకి అద్దాలు బిగించడం ఆయన పని, అందుకని అందరికీ ఆయన అద్దాలాయన. మా బావ చెప్పే కథల్లో సగం మా అక్క కొట్టిపారేస్తుంది, మిగిలిన సగం నేను కొట్టిపారేస్తాను. ఈ కథ దగ్గర మాత్రం మా అక్క నోరెత్తలేదు.

చలికాలం. పొద్దు తొందరగా వాలిపోయింది. పైన బడిలో పగిలిన అద్దాలు మార్చి, బండి అక్కడే వదిలేసి, మా బావ నడుచుకుంటూ వాలు దిగుతున్నాడు. కరెంటు పోయింది. చుట్టుదారిన రావచ్చు కదా అని అడిగితే, పొద్దున్నుంచి అద్దాలు మోసి మోసి కాళ్ళు పీకుతుంటే అంత దూరం ఎవడు నడుస్తాడు అన్నాడు. మనిషికి భయం కంటే బద్ధకం ఎక్కువ.

మలుపు దగ్గరకి వచ్చేసరికి తన చెప్పుల చప్పుడే ఎవరో వెనక వస్తున్నట్టు వినిపించింది. ఆగాడు. చప్పుడూ ఆగింది. ధైర్యానికి ఏదైనా కూనిరాగం తీద్దామనుకుంటే ఒక్క పాటా గుర్తురాలేదు.

అప్పుడు —

“పట్టు.”

మగ గొంతు. బొంగురుగా, తాపీగా. చెవి పక్కనే అన్నట్టు.

“పట్టాను.”

ఈసారి ఆడ గొంతు...

“వదులు.”

మా బావకి పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో ఉన్న రేకు డబ్బా జారిపోయింది. ఆ డబ్బాలో అద్దం కోసే కలం ఉంది, వజ్రపు మొన ఉన్నది, వాళ్ళ నాన్న ఇచ్చింది. గుండ్రటి డబ్బా, పైగా వాలు. టకటకా దొర్లుకుంటూ వెళ్ళి షట్టరు కింద దూరిపోయింది.

షట్టరు పూర్తిగా మూసి లేదని అప్పుడు చూశాడు. కింద జానెడు సందు ఉంది. ఆ సందులో పలచటి పసుపు వెలుగు.

పరుగెత్తేవాడే. కానీ ఆ కలం లేకపోతే మర్నాడు పని లేదు, పైగా నాన్న వస్తువు. దెయ్యం తినేస్తే ఒక్కసారే పోతాను, కలం పోతే రోజూ పోతాను అనుకున్నాడట. నేల మీద బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, సందులోంచి చెయ్యి లోపలికి పోనిచ్చాడు. డబ్బా తగల్లేదు. తల వంచి చూశాడు.

నేల మీద ఒక చిన్న బ్యాటరీ దీపం. దాని వెలుగులో స్టాండు మీద నిలబెట్టిన పాత స్కూటరు. రంగు ఎంత పాతదో ముందు చక్రానికున్న బ్రేకు డిస్కు అంత కొత్తది, తళతళలాడుతోంది. చక్రం పక్కన ఒక పొట్టి పీట. పీట మీద ఎవరూ లేరు. పీట పక్కన గుడ్డ పరిచి, దాని మీద ఒక స్పానరు, ఒక గాజు సీసా, సన్నటి గొట్టం పొందికగా పెట్టి ఉన్నాయి. ఎవరో వచ్చి కూర్చుని పని మొదలుపెడతారన్నట్టు.

హ్యాండిల్ దగ్గర రెండు కాళ్ళు. రబ్బరు చెప్పులు, తడిసిన చీర అంచు.

“పట్టు,” అంది ఆ మనిషి, మగ గొంతు పెట్టి. “పట్టాను,” అంది తన గొంతుతో. “వదులు,” అంది మళ్ళీ మగ గొంతుతో. కాళ్ళు అక్కడి నుంచి కదల్లేదు.

చివరికి ఆ ఖాళీ పీటతో గుసగుసగా అంది —

“వదల్లేదు. చూడు... ఈసారి వదల్లేదు.”

దెయ్యమైతే లేచి పారిపోవచ్చు. మనిషని తెలిశాక ఎటు పోవాలో తెలియలేదన్నాడు మా బావ.

ఆమె షట్టరు కింద చెయ్యి చూసింది. ఎవరని అడిగింది. అద్దాలాయన్ని అక్కా, నా డబ్బా లోపలికి వచ్చింది అని ఇతను నేల మీద నుంచే చెప్పుకున్నాడు. ఆమె షట్టరు పైకెత్తి, డబ్బా తీసి చేతికిచ్చింది. సైలెన్సరు భార్య. పగలంతా ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని చేస్తుంది. సాయంత్రం చెల్లెలి ఇంటికి వెళ్ళే బస్సు కోసం ఈ దారినే రావాలి. వస్తూ షెడ్డులో కాసేపు ఆగుతుంది. తన గురించి వీధిలో ఏమనుకుంటున్నారో ఆమెకి తెలియదు, తెలిసినా పట్టించుకునే స్థితిలో లేదు.

డబ్బా తీసుకుని వెళ్ళబోతుంటే ఆమె ఆపింది.

“తమ్ముడూ, ఎలాగూ చెయ్యి లోపలికి పెట్టావు కదా. ఆ చేత్తో ఒక్కసారి ఆ నట్టు తిప్పిపెట్టు.”

ఎందుకని అడిగితే చెప్పుకొచ్చింది.

ఆ స్కూటరుకి ముందు బ్రేకు వైరుతో లాగే పాత రకం. కాలి బ్రేకు పేరుకే ఉండేది. ఆ వాలు దిగేటప్పుడు వెనక కూర్చున్న ఆమె మొగుడి చొక్కా గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకునేది. ఒకరోజు, నాకు భయమేస్తోంది, ఇంక నేను నడిచే వస్తాను అనేసింది. సైలెన్సరు ఎప్పటిలాగే ఏమీ అనలేదు. కొన్నాళ్ళకి ఎక్కడి నుంచో డిస్కు బ్రేకు సామాను తెచ్చాడు. పాత బ్రేకు డ్రమ్ము ఊడదీశాడు. చక్రానికి డిస్కు బిగించి, దాన్ని అదిమి పట్టే క్యాలిపరు చక్రాన్ని మోసే ఫోర్కుకి బిగించాడు. హ్యాండిల్ మీద చేత్తో నొక్కే లివరు పక్కన బ్రేకు నూనె పోసే చిన్న గిన్నె అమర్చి, అక్కడి నుంచి కిందికి నూనె గొట్టం బయటికి కనబడకుండా దించాడు. పాత స్కూటరు అందం చెడకూడదని ఆ గొట్టం దాచడానికే బోలెడు తంటాలు పడ్డాడట. ఇంక గాలి తియ్యడమొకటే మిగిలింది.

నూనె బ్రేకులో గాలి చేరితే ప్రమాదం. నూనె నొక్కితే తోస్తుంది, గాలి నొక్కితే నలిగి ఊరుకుంటుంది. లివరు మెత్తగా చేతిలోకి వచ్చేస్తుంది, చక్రం మాత్రం ఆగదు. అందుకని ఒకరు పైన లివరు నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు కింద చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేస్తారు. నూనెతో పాటు గాలి బుడగలు సన్న గొట్టంలోంచి సీసాలోకి వచ్చేస్తాయి. నట్టు మళ్ళీ బిగించాకే లివరు మీద చెయ్యి తియ్యాలి. నట్టు తెరిచి ఉండగా చెయ్యి తీశారా, పోయిన గాలి పోయినట్టే వెనక్కి వస్తుంది.

ఎవరి బండికి ఈ పని వచ్చినా సైలెన్సరు భార్యని పిలిచేవాడు. షెడ్డు వెనకే వంటిల్లు. “ఇది ఒంటి మనిషి పని కాదు, రా,” అనేవాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చేది. వాళ్ళకి వాళ్ళ మాటలున్నాయి. పట్టు అంటే లివరు నొక్కి పట్టమని. వదులు అంటే — ఇక్కడే ఉంది తిరకాసు — చెయ్యి వదలమని కాదు. నట్టు వదులైందని. అప్పుడే చేతిని మరింత గట్టిగా పట్టి ఉంచాలి. నట్టు బిగిశాక ‘బిగువు’ అంటాడు. ఆ మాట విన్నాకే చెయ్యి తియ్యాలి.

కాపురం మొత్తం మీద మా ఆయన నాతో ఎక్కువ మాట్లాడింది ఆ పనిలోనే అంది. వదులుకీ బిగువుకీ మధ్య, సీసాలో బుడగలు చూస్తూ, ఉన్నట్టుండి సంబంధం లేని మాట ఏదో అనేవాడట. నీకు ఆ పచ్చ చీర బాగుంటుంది అనో, రాత్రి దగ్గావేం అనో. ముందు నట్టు బిగించవయ్యా, చెయ్యి లాగేస్తోంది అని ఈమె విసుక్కునేది.

తమ స్కూటరుకి గాలి తీస్తున్న సాయంత్రం పొయ్యి మీద అన్నం ఉంది. ఆయన ‘వదులు’ అన్నాడు. సరిగ్గా అప్పుడే మాడు వాసన వచ్చింది. ఇన్నేళ్ళుగా ఎప్పుడూ చెయ్యని పొరపాటు ఆ క్షణంలో చేసింది. లోకమంతా ఆ మాటని ఎలా వింటుందో అలా విన్నది. చెయ్యి వదిలేసి వంటింట్లోకి పరుగెత్తింది.

బ్రేకు గాలి పీల్చేసిందే అని ఆయన నవ్వాడు. తిట్టలేదు. మళ్ళీ పట్టుకుంటానంటే, అలిసిపోయావు, పోయి పడుకో అన్నాడు. పొద్దున్నే బజారుకి బయలుదేరుతూ, సరిచేశాను, రాయిలా ఉంది, నొక్కి చూడు అన్నాడు. ఈమె పనిలో ఉండి చూడలేదు. ఆయన వాలు దిగాడు. మలుపులో రోడ్డు పక్క రాతికి తల తగిలింది. స్కూటరు పక్కకి గీసుకుపోయింది తప్ప దానికి ఏమీ కాలేదు.

“ఒంటి మనిషి పని కాదని ఆయనే అనేవాడు కదా తమ్ముడూ,” అంది. “మరి ఒక్కడే ఎలా సరిచేస్తాడు? నేను బాధపడతానని అబద్ధం చెప్పాడు. గాలి లోపలే ఉంది. నా చెయ్యే ఆయన్ని తీసుకెళ్ళింది.”

మా బావ లివరు నొక్కి చూశాడు. గట్టిగానే ఉంది. అదే చెప్పాడు. ఆమె తలూపలేదు. లివరు మాట నమ్మకూడదట. లోపల గాలి ఉన్నా నాలుగుసార్లు గబగబా నొక్కితే కాసేపు గట్టిపడి మోసం చేస్తుందట. సీసాలో బుడగ రాకపోతేనే నమ్మాలని సైలెన్సరు చెప్పేవాడట. ఆ రోజు నుంచి ఆ నట్టు ఎవరూ విప్పలేదు. విప్పమని ఎవరినైనా అడగడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు. రోజూ వచ్చి, ఆయన మాటలు తనే అని, చెయ్యి వదలకుండా ఉండడం నేర్చుకుంటోంది. ఆ రోజు చెయ్యాల్సినదాన్ని ఇప్పుడు నేర్చుకుంటోంది.

బుడగ వస్తే ఈ మనిషి ఏమైపోతుందా అని మా బావ భయపడ్డాడు. ఏదో ఒక వంక చెప్పి పోదామనుకున్నాడు. తన ఒంటిని సీసాకి అడ్డం పెట్టి, ఏమీ రాలేదని చెప్పేద్దామని కూడా అనుకున్నాడు. కానీ ఆమె దీపం తెచ్చి సరిగ్గా సీసా వెనక పెట్టింది.

ఇతను పీట మీద కూర్చున్నాడు. ఆమె చెప్పినట్టే సీసాలో కొంచెం నూనె పోసి, గొట్టం ఒక కొస అందులో ముంచి, రెండో కొస నట్టుకి తొడిగాడు. స్పానరు పట్టించాడు. ఆమె లివరు మీద చెయ్యి వేసింది.

“పట్టు,” అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

“పట్టాను.”

నట్టు మొరాయించింది. తర్వాత కాస్త కదిలింది.

“వదులు...”

బుడబుడమని సీసాలో బుడగలు లేచాయి.

మా బావకి ఆమె మొహం చూసే ధైర్యం లేకపోయింది. తలెత్తలేదు. పైన ఆమె రెండో చెయ్యి కూడా లివరు మీద వేసి అదిమింది. చెయ్యి వదల్లేదు.

“అది గొట్టంలో ఉన్న గాలి,” అంది మెల్లగా. “లెక్కలోకి రాదు. బిగించు. మళ్ళీ పెడదాం.”

బిగువు అన్నాడు. ఆమె చెయ్యి తీసింది.

పట్టు. పట్టాను. వదులు...

గొట్టంలో నూనె కదిలింది. కాస్త రంగు మారిన నూనె. సీసాలోకి మెత్తగా, చప్పుడు లేకుండా దిగింది. బుడగ లేదు. ఇద్దరూ సీసానే చూస్తున్నారు. బిగువు. మళ్ళీ పట్టు. మళ్ళీ నూనే. పైన గిన్నెలో నూనె తగ్గేదాకా చేశారు, మళ్ళీ పోసి మళ్ళీ చేశారు. ఆవగింజంత బుడగ కూడా రాలేదు.

మా బావ ఊపిరి వదిలి, చూశావా అక్కా, నీ తప్పేం లేదు అన్నాడు. ఆ మలుపులో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఇసుకే ఉందో, కుక్కే అడ్డమొచ్చిందో. బ్రేకు మాత్రం కాదు. ఆమె మొహం తేలికపడుతుందని ఎదురుచూశాడు.

తేలికపడలేదు. ఆమె ఇంకా సీసానే చూస్తోంది.

“మరి నేను పీల్పించిన గాలి ఎవరు తీశారు?” అంది. “ఒంటి మనిషి పని కాదు కదా...”

అప్పుడు మా బావ ఆలోచించకుండా ఒక పని చేశాడు. పీట మీద నుంచి లేవకుండానే, కుడి చేత్తో కింద స్పానరు అలాగే పట్టుకుని, ఎడమ చెయ్యి పైకి చాపి లివరు పట్టుకున్నాడు. అందింది. బాగానే అందింది. పాత స్కూటరు, ఎంత ఎత్తుంటుంది కనుక?

“ఒక్కడే చెయ్యొచ్చక్కా,” అన్నాడు. “ఇదిగో, రెండూ అందుతున్నాయి.”

ఆమె ఆ పై చేతిని చూసింది. కింది చేతిని చూసింది. మళ్ళీ పై చేతిని చూసింది. సైలెన్సరు మా బావ కంటే పొడుగు మనిషి.

“అయితే,” అంది, “ఇన్నేళ్ళూ నన్నెందుకు పిలిచేవాడు?”

మా బావ దగ్గర జవాబు ఉంది. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ అది సైలెన్సరు చెప్పాల్సిన మాట, నేను చెబితే ఏం బాగుంటుంది అన్నాడు నాతో. ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అక్కడే, స్కూటరు పక్కన, నేల మీద మెల్లగా కూలబడింది. సరిచేశాను అని ఆయన అన్నది నిజమే. ఒంటి మనిషి పని కాదన్నదే అబద్ధం. అన్నేళ్ళు ప్రేమగా చెప్పిన ఆ ఒక్క అబద్ధాన్ని నమ్మి, ఆ చివరి రోజు నిజాన్ని ఆమె నమ్మలేదు.

తల పైకెత్తకుండానే అంది.

“చంపినదాన్ని, ఏ మొహం పెట్టుకుని ఏడుస్తానని ఇన్నాళ్ళూ ఏడవలేదు తమ్ముడూ. నువ్వెళ్ళు. కాస్త ఆ షట్టరు దించి వెళ్ళు.”

మా బావ షట్టరు దించాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో లోపలి నుంచి ఏడుపు మొదలైంది. అలాంటి ఏడుపు తను ఎక్కడా వినలేదన్నాడు. ఇంటికి రావాలనిపించలేదు. అటూ ఇటూ పోయేవాళ్ళు అది విని, మళ్ళీ దెయ్యమని పరుగులు పెడతారేమోనని, ఆ మలుపులో రోడ్డు పక్కనే కూర్చుండిపోయాడు.

కాసేపటికి కింద నుంచి ఇద్దరు మనుషులు వచ్చారు. ఏడుపు విని ఆగిపోయారు. షెడ్డు వైపు చూడ్డానికి కూడా భయపడుతూ, ఎవరది అని గుసగుసగా అడిగారు.

“మా అక్క,” అన్నాడు మా బావ. “వాళ్ళాయన పోయాడు.”

“అయ్యో... ఎప్పుడు?”

“ఇవాళే,” అన్నాడు.